సభ చేత పాడించడం ఎలా: పీట్ సీగర్ జీవితం నుంచి నేర్చుకోదగిన పద్ధతి

వేదిక మీద తాను పాడడం కన్నా ఎదురుగా కూర్చున్న వారందరి చేత పాడించడమే గాయకుడి అసలు పని అని నమ్మి, ఆ నమ్మకంతోనే సుమారు 70 ఏళ్లు పనిచేసిన వ్యక్తి అమెరికన్ జానపద గాయకుడు పీట్ సీగర్. 1919 మే 3న న్యూయార్క్‌లో పుట్టి, 2014 జనవరి 27న అదే నగరంలో కన్నుమూసిన ఆయన కార్మిక సంఘాల సమావేశాలకు, నల్లజాతి ప్రజల పౌరహక్కుల ఉద్యమానికి, వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శనలకు, హడ్సన్ నదిని శుభ్రం చేయాలన్న పోరాటానికి పాటను వెంటబెట్టుకుని వెళ్లారు. పాఠశాలలోనో, కాలనీ సమావేశంలోనో, ఉద్యమ సభలోనో పదిమంది చేత కలిసి పాడించాలనుకునే వారికి ఆయన జీవితంలోని ఏ ఘట్టం ఏ మెలకువ నేర్పుతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన పద్ధతిని ఆయన జీవితం నుంచి విడదీసి నేర్చుకోవడం కుదరదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ మెలకువల్లో చాలా భాగం ఏదో ఒక అవసరమో, ఏదో ఒక నిషేధమో ఆయనకు నేర్పినవే.

ముందు చెవి, తర్వాత గొంతు

సీగర్ తండ్రి చార్లెస్ సీగర్ సంగీత శాస్త్రవేత్త, తల్లి కాన్‌స్టాన్స్ వయొలిన్ విద్వాంసురాలు. ఇంట్లో శాస్త్రీయ సంగీతానికి కొదవ లేకపోయినా, ఆయన దారి మళ్లించింది మాత్రం 1936లో నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో తండ్రితో కలిసి చూసిన జానపద ఉత్సవం. కొండప్రాంతపు పల్లెవాసులు అయిదు తీగల బాంజో వాయిస్తూ పాడుకోవడం అక్కడ ఆయన విన్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరినా 1938లో చదువు మధ్యలోనే మానేసి, కొంతకాలం తర్వాత వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, జానపద గీతాల భాండాగారాన్ని చూసే అలన్ లోమాక్స్ దగ్గర సహాయకుడిగా కుదిరారు. రికార్డులు వినడం, వాటిలో పనికివచ్చేవి వేరుచేయడం అక్కడ ఆయన పని. 1940 మార్చిలో వలస కూలీల సహాయార్థం న్యూయార్క్‌లో జరిగిన కచేరీలో జానపద గాయకుడు వుడీ గుత్రీ పరిచయమయ్యాక, ఆయన వెంట ఓక్లహోమా, టెక్సాస్ దాకా తిరుగుతూ, దారిలో ఎదురైన వాళ్ల ముందు పాడి పొట్టపోసుకోవడం నేర్చుకున్నారు.

మీరు కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. సభలో పాడించదలచిన పాటను కాగితం చూసి కాక, దాన్ని పాడుతూ వచ్చిన మనుషుల నోట విని నేర్చుకోండి. ఆ అవకాశం లేకపోతే పాత రికార్డు ఒకటి సంపాదించి, పల్లవి, చరణాలు తడుముకోకుండా నోటికి వచ్చేదాకా వినండి. నడుస్తూ, వంట చేస్తూ పాడుకున్నా తప్పిపోని పాటనే సభకు తీసుకువెళ్లాలి. కాగితం చూసి పాడేవారి కళ్లు కాగితం మీదే ఉంటాయి కనుక, ఎదుటివారిలో ఎవరు అందుకుంటున్నారో, ఎవరు వెనకబడ్డారో వారికి తెలియదు.

ఎలాంటి పాట ఎంచుకోవాలి

1941 ప్రాంతంలో సీగర్, గుత్రీ, లీ హేస్, మిలార్డ్ లాంపెల్ కలిసి ఆల్మనాక్ సింగర్స్ అనే బృందంగా కార్మిక సంఘాల సభల్లో పాడేవారు. రోజంతా పనిచేసి వచ్చిన కార్మికులు నాలుగు చరణాల కొత్త పాటను అప్పటికప్పుడు కంఠతా పట్టలేరు. అందుకే ఒక్క మాటో, ఒక్క పేరో మారుస్తూ పోతే చరణం దానంతటదే తయారయ్యే పాటలను వారు ఎక్కువగా వాడారు. మిగతా పాదాలన్నీ యథాతథంగా తిరిగి వస్తాయి కనుక, మొదటి చరణం వినేసరికే సభకు పాటలో ముప్పాతిక భాగం వచ్చేస్తుంది.

ఇలాంటి పాటలకు పేరెన్నికగన్న ఉదాహరణ ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’. మన బడుల్లో పిల్లలు పాడే ‘హమ్ హోంగే కామ్యాబ్’, హిందీ కవి గిరిజా కుమార్ మాథుర్ దీనికి చేసిన అనువాదమే కనుక తెలుగు పాఠకులకు దీని బాణీ పరిచయమే. ఈ పాట ప్రయాణాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఇలాంటి సభలకు కావలసిన పాట ఎలా తయారవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. దీని మూలాలు నల్లజాతి చర్చి గీతాల్లో ఉన్నాయి. 1945–46లో సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో పొగాకు కర్మాగారం కార్మికులు, వారిలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు, సమ్మె చేస్తూ దీన్ని తమకు అనువుగా మార్చుకుని పాడుకున్నారు. వారి ద్వారా అది టెనెసీలో కార్మిక, ఉద్యమ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్‌కు చేరింది. అక్కడి సంగీత నిర్వాహకురాలు జిల్ఫియా హోర్టన్ 1947లో దాన్ని సీగర్‌కు నేర్పారు. సీగర్ కొన్ని చరణాలు చేర్చి, తమ సంస్థ పీపుల్స్ సాంగ్స్ పత్రికలో 1948లో అచ్చు వేయించారు. 1957లో హైలాండర్ వార్షికోత్సవానికి వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ దాన్ని సీగర్ గొంతులోనే విన్నారు. 1960 ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలోని రాలీలో విద్యార్థి ఉద్యమకారులు సమావేశమైనప్పుడు జానపద గాయకుడు గై కారావాన్ ఆ పాటను వారి చేత పాడించాక, అది దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పాకింది. 1965 మార్చి 15న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓటుహక్కు చట్టం గురించి కాంగ్రెస్ ఉభయసభల ముందు మాట్లాడుతూ ఆ పల్లవినే పలికారు.

చర్చికి వెళ్లేవారు, సమ్మెలో ఉన్నవారు, సంగీతం నేర్పేవారు, విద్యార్థులు తలా ఒక చేయి వేస్తేనే ఆ పాట అంత సులువుగా నోటికి పట్టేలా తయారైంది. కాబట్టి మీ పాట ఎంపికలో మూడు విషయాలు చూసుకోండి. పల్లవి ఒక్క ఊపిరిలో అనగలిగేంత చిన్నదిగా ఉండాలి, చరణానికి చరణానికి మధ్య మారే భాగం కొద్దిగా ఉండాలి, సభలోని వారు తమ సొంత చరణం ఒకటి చేర్చడానికి వీలుండాలి. గుంపు ఎంత పెద్దదైతే పాట అంత చిన్నది కావాలి. 1969 నవంబర్ 15న వాషింగ్టన్‌లో యుద్ధ వ్యతిరేక ప్రదర్శనకు లక్షల మంది వచ్చినప్పుడు సీగర్ ఎత్తుకున్నది జాన్ లెనన్ కొత్త పాట ‘గివ్ పీస్ ఎ ఛాన్స్’లోని పల్లవి ఒక్కటే. చరణాల జోలికి పోకుండా ఆ పల్లవినే మళ్లీమళ్లీ పాడిస్తూ పోయారు. కాసేపటికి గుంపు మొత్తం ఒకే లయలో ఊగుతూ దాన్ని అందుకుంది.

శ్రుతి మీకు కాదు, సభకు కుదరాలి

చాలామంది మంచి గాయకులు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. తమ గొంతు బాగా పలికే శ్రుతిలో ఎత్తుకుంటే, పై స్థాయికి వచ్చేసరికి సభలో సగం మంది గొంతు మూగబోతుంది. సీగర్ ఈ విషయాన్ని ఎంత పట్టించుకున్నారంటే, పాడడానికి అనువైన దిగువ శ్రుతుల్లో వాయించే వీలుకోసం బాంజో దండిని మూడు మెట్ల మేర పొడిగించి చేయించుకున్నారు. తర్వాతి కాలంలో ఆ పొడవు దండి బాంజో ఆయన పేరుతోనే మార్కెట్లోకి వచ్చింది. 1948లో ఆయన సైక్లోస్టైల్ చేసి పంచిన బాంజో పాఠాల పుస్తకం తర్వాత ఎన్నో ముద్రణలు పొంది, ఆ వాద్యాన్ని కొత్త తరాలకు నేర్పింది.

మీ దగ్గర బాంజో లేకపోయినా హార్మోనియమో, డప్పో, చప్పట్లో ఏదైనా సరిపోతుంది. సభకు ముందు బరువైన గొంతున్న ఒక పురుషుడి చేత, ఒక స్త్రీ చేత, ఒక పిల్లవాడి చేత పాటలోని అన్నిటికన్నా పై స్వరం, అన్నిటికన్నా కింది స్వరం పలికించి చూడండి. ముగ్గురూ కష్టపడకుండా అందుకోగలిగిన శ్రుతే మీ శ్రుతి. మొదలుపెట్టే ముందు పల్లవిని ఒకసారి నెమ్మదిగా ఒక్కరే పాడి, శ్రుతి అందరి చెవిలో పడ్డాకే చెయ్యెత్తి పిలవండి. గమకాలు, సంగతులు పక్కన పెట్టండి. ఒక స్వరాన్ని మీరు మూడు రకాలుగా అలంకరిస్తే, దేన్ని పట్టుకోవాలో తెలియక ఎదుటివారు ఆగిపోతారు. ఆరుబయట పెద్ద సభ అయితే పాట వేగం కాస్త తగ్గించాలి, ఎందుకంటే వెనక వరుసల వారికి మీ గొంతు ఆలస్యంగా చేరుతుంది.

పాదం అందించడం

సీగర్ పద్ధతిలో గుండెకాయ వంటిది ఇదే. ఒక పాదం పూర్తయ్యే చోట దొరికే చిన్న వ్యవధిలో, తర్వాతి పాదాన్ని మామూలు మాటలాగా, తాళం తప్పకుండా, గబగబా పలికి సభకు అందిస్తారు. సభ దాన్ని రాగంలో పాడుతుంది. అది ముగిసేలోగా మరో పాదం అందుతుంది. పాటల పుస్తకాలు లేని, చదువు రాని భక్తులున్న చర్చిల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది. భజనల్లో ఒకరు ముందు అనగా మిగతావారు వెనక అనడం మనకూ అలవాటే కానీ, ఇక్కడ తేడా ఒకటి ఉంది: నాయకుడు పాడి ఆగడు, పాట ఆగకుండానే మాట అందిస్తాడు. 1963 జూన్ 8న కార్నెగీ హాల్‌లో జరిగిన ఆయన కచేరీ రికార్డు దొరుకుతుంది. దాన్ని ఒకసారి పాట కోసం, రెండోసారి కేవలం ఈ అందింపు కోసం వింటే, ఏ మాట ఎక్కడ పడుతోందో బోధపడుతుంది.

సాధన చేసేటప్పుడు ఒక స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అతనికి తెలియని పాట తీసుకుని, ముందుగా నేర్పకుండా, పాదాలు అందిస్తూనే చివరిదాకా పాడించగలిగితే మీకు పద్ధతి పట్టుబడినట్టే. పాదం మొత్తం అందించే వ్యవధి లేకపోతే మొదటి రెండు మాటలు చాలు. సభ గొంతు బలపడిందని తెలియగానే మీ గొంతు తగ్గించండి, వీలైతే పూర్తిగా ఆపండి. సీగర్ తల వెనక్కి వాల్చి, చేతులు పైకెత్తి, తన గొంతు ఆపేసి సభను విడిచిపెట్టేవారు. నాయకుడు ఆగినా పాట ఆగకపోవడం చూసినప్పుడే పాడేవారికి తమ గొంతు మీద ధైర్యం కలుగుతుంది. వయసు మీరి గొంతు దాదాపు పోయిన చివరి ఏళ్లలో కూడా ఆయన కచేరీలు నడిచాయంటే ఈ అలవాటు వల్లే.

తెలియని భాష పాట అయితే రెండు మూడు వాక్యాల్లో అర్థం చెప్పాకే పాడించాలి. ‘గ్వాంతనమెరా’ పాడే ముందు ఆ చరణాలు క్యూబా కవి హోసే మార్తీవని, ఆయన స్వాతంత్ర్యం కోసం ప్రాణమిచ్చారని సీగర్ చెప్పేవారు. అంతకు మించిన ఉపన్యాసం అవసరం లేదు.

పాట ఎవరిదో చెప్పండి, ఫలితం వారికి చేర్చండి

సభను రెండు మూడు భాగాలుగా విడదీసి, ఒకరి చేత మంద్రంలో ఒక పదం పదేపదే అనిపిస్తూ, మరొకరి చేత పై స్థాయిలో రాగం పాడించడం సీగర్‌కు చాలా ఇష్టం. అందుకు ఆయన ఎక్కువగా వాడిన పాట ‘విమొవే’. దక్షిణాఫ్రికా గాయకుడు సాలమన్ లిండా 1939లో రికార్డు చేసిన ‘ముబూబే’ దీని మూలం. లోమాక్స్ ఇచ్చిన రికార్డు విని సీగర్ దాన్ని రాసుకున్నారు, మాట సరిగా వినబడక మూలపదం మారిపోయింది. సీగర్ సభ్యుడిగా ఉన్న వీవర్స్ బృందం దాన్ని పాడాక, 1961లో వేరే బృందం దాన్నే కొత్త మాటలతో పాడి ప్రపంచమంతా మోగించింది. సీగర్ లిండాకు వెయ్యి డాలర్లు పంపించారు కానీ, హక్కుల సొమ్ము మాత్రం ప్రచురణకర్తల చేతుల్లోనే తిరిగింది. లిండా 1962లో పేదరికంలోనే చనిపోయారు. ఆయన కుటుంబానికి న్యాయం 2006 నాటి ఒప్పందంతో గానీ దొరకలేదు. తాను మరింత శ్రద్ధ పెట్టనందుకు సీగర్ తర్వాత విచారం వెలిబుచ్చారు.

‘వుయ్ షల్ ఓవర్‌కమ్’ విషయంలో ఈ జాగ్రత్త ముందుగానే తీసుకున్నారు. హక్కులు సీగర్, మరి ముగ్గురి పేర నమోదైనా రాబడి హైలాండర్ సంస్థ నిధికి, దక్షిణాదిలోని నల్లజాతి ప్రజల కార్యక్రమాలకు పోయేలా ఏర్పాటు చేశారు. 2018లో ఆ హక్కులు వదులుకోవడంతో ఇప్పుడది అందరి పాట. మీరు పాడించే పాట ఏ ఊరిదో, ఏ కులవృత్తి వారిదో, ఎవరి నోట విన్నారో సభలో పేరుతో సహా చెప్పండి. రికార్డు చేసి అంతర్జాలంలో పెడితే ఆ పేరు అక్కడా ఉండాలి, డబ్బు వస్తే వాటా వారికి చేరాలి. జానపదం కాబట్టి ఎవరిదీ కాదనే మాట పాడినవారికి అన్యాయం చేస్తుంది.

సభ భద్రత కూడా మీ బాధ్యతే

1949 సెప్టెంబర్ 4న న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ దగ్గర, వామపక్ష భావాల వల్ల చాలామందికి కంటగింపైన నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ కచేరీ జరిగింది. సీగర్ అందులో పాడారు. కచేరీ జరుగుతున్నంతసేపూ కార్మిక సంఘాల వారు మైదానం చుట్టూ కాపలా ఉండడంతో లోపల ఏమీ కాలేదు. దాడి జరిగింది ప్రజలు ఇళ్లకు తిరిగి వెళ్లేటప్పుడు. దారి పొడవునా కాచుకున్న గుంపులు కార్ల మీద రాళ్లు రువ్వాయి. భార్య తోషి, చిన్నపిల్లలతో సహా సీగర్ కారులో ఉన్నారు. అద్దాలు పగలగొట్టి లోపల పడిన రాళ్లను ఆయన దాచి, బీకన్‌లో హడ్సన్ నది ఒడ్డున తాను కట్టుకున్న ఇంటి పొగగొట్టంలో పెట్టి కట్టారు. వివాదం ఉన్న విషయం మీద సభ పెట్టేవారు లోపలికి వచ్చే దారి కన్నా బయటికి పోయే దారి గురించి ఎక్కువ ఆలోచించాలి. రెండు మూడు దారులు ఉండే చోటు చూసుకోవాలి, చివరి మనిషి వెళ్లేదాకా నిర్వాహకులు కదలకూడదు.

పెద్ద వేదిక దొరకనప్పుడు

1950లో వీవర్స్ పాడిన ‘గుడ్‌నైట్ ఐరీన్’ 13 వారాలు అమెరికాలో అగ్రస్థానంలో ఉంది. ఆ పాటను వారికి నేర్పిన నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ అంతకు కొన్ని నెలల ముందే, 1949 డిసెంబర్‌లో, చనిపోయారు. అయితే కమ్యూనిస్టులన్న ముద్రతో ఆ బృందానికి కచేరీలు, రేడియో, టెలివిజన్ ఒక్కొక్కటే మూసుకుపోయాయి. సీగర్ 1940లలో కమ్యూనిస్టు పార్టీలో ఉండి, ఆ దశాబ్దం చివర బయటికి వచ్చారు. స్టాలిన్ క్రూరత్వాన్ని సకాలంలో గుర్తించలేకపోవడం తన తప్పని తర్వాత రాతపూర్వకంగానే ఒప్పుకున్నారు. 1955 ఆగస్టు 18న, కమ్యూనిస్టులని అనుమానించిన వారిని విచారించే ప్రతినిధుల సభ సంఘం ముందు మాత్రం, తన నమ్మకాల గురించీ స్నేహాల గురించీ ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదని ఆయన నిలబడ్డారు. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పుకోనక్కరలేదన్న రాజ్యాంగం అయిదో సవరణ చాటున నిలవకుండా, ఆ ప్రశ్నలనే తిరస్కరించారు. ఎవరి ముందైనా పాడతాను, పాటల గురించైతే చెబుతాను అన్నది ఆయన వైఖరి. సభా ధిక్కారం కింద 1961లో ఏడాది జైలుశిక్ష పడింది. అభియోగపత్రంలో లోపం ఉందని 1962లో అప్పీలు న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది.

ఈ ఏళ్లలోనే ఆయన పాఠశాలలకు, కళాశాలలకు, వేసవి శిబిరాలకు తిరిగారు. 1960లలో జానపద సంగీతానికి వచ్చిన వెల్లువకు ఆ చిన్న సభల్లో పాడిన పిల్లలే పునాది అని నేను నమ్ముతాను. పెద్ద వేదిక కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ముప్పైమంది ఉన్న తరగతి గది సభకు సాధన చేయడానికి అన్నిటికన్నా మంచి చోటు. పెద్దలు సిగ్గుపడి పెదాలు కదపని చోట పిల్లలు గొంతెత్తి పాడతారు, వారి తప్పులు వెంటనే వినబడతాయి కనుక దిద్దుకోవడమూ తేలిక. షరతులు వచ్చినప్పుడు ఏది ఒప్పుకోవాలో ముందే నిశ్చయించుకోండి. 1960లో శాన్ డియాగో పాఠశాలల బోర్డు, కమ్యూనిస్టు ప్రచారం చేయనన్న ప్రమాణపత్రం మీద సంతకం చేస్తేనే కచేరీకి స్థలమిస్తామంటే సీగర్ నిరాకరించారు, న్యాయస్థానం జోక్యంతో కచేరీ జరిగింది. 2009లో అదే బోర్డు ఆయనకు క్షమాపణ చెప్పింది.

పాట వెంట ఒక పని

1960ల నడుమ హడ్సన్ నది మురుగుతో, కర్మాగారాల వ్యర్థాలతో నిండిపోయింది. దాని మీద పాటలు కట్టి ఊరుకోకుండా, పాతకాలపు తెరచాప ఓడను పోలిన 106 అడుగుల ఓడను కట్టించాలని సీగర్, ఆయన మిత్రులు కచేరీల ద్వారా చందాలు పోగుచేశారు. 1969లో నీటిలోకి దిగిన ఆ ఓడ పేరు క్లియర్‌వాటర్. బడిపిల్లలు ఎక్కి, అందరూ కలిసి తాడు లాగి తెరచాప ఎత్తుతారు, నీటిలోని జీవాలను చూసి నేర్చుకుంటారు. కలిసి తాడు లాగడానికి పుట్టిన పాటలు అక్కడ మళ్లీ తాడు లాగడానికే పనికివచ్చాయి. 1972 నాటి జాతీయ పరిశుభ్ర జల చట్టం కోసం ఆ సంస్థ గట్టిగా కృషి చేసింది. నది అడుగున పేరుకున్న పీసీబీ అనే విష రసాయనాల పూడికతీత 2009లో మొదలయ్యేదాకా వదిలిపెట్టలేదు.

మీ సభకూ ఇలాంటి పని ఒకటి జోడించండి. చెరువుగట్టు మీద చెత్త ఏరే రోజు కావచ్చు, గ్రంథాలయానికి పుస్తకాలు మోసే రోజు కావచ్చు. చేతులు కలిసి కదిలే చోట పాట అడగకుండానే పుడుతుంది, మొహమాటపడే వారు కూడా పాడతారు. పని లయకు పాట వేగాన్ని కుదర్చండి కానీ, పాట కోసం పనిని ఆపకండి.

చివరగా, మీ తర్వాత పాట ఎత్తుకునే వారిని మొదటి నెల నుంచే సిద్ధం చేయండి. సీగర్ తన మనవడు టావో రోడ్రిగెజ్‌ను ఏళ్ల తరబడి పక్కన నిలబెట్టుకుని పాడించారు. 2009 జనవరి 18న ఒబామా ప్రమాణస్వీకార వేడుకల్లో భాగంగా లింకన్ స్మారకం మెట్ల మీద, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, టావోలతో కలిసి గుత్రీ పాట ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ను, సాధారణంగా వదిలేసే చరణాలతో సహా, పాదాలు అందిస్తూ పాడించినప్పుడు ఆయన వయసు 89. మీ సభలో ప్రతిసారీ ఒక పాటను కొత్తవారికి అప్పగించి, మీరు వెనక వరుసలోకి వెళ్లి వంత పాడండి. శ్రుతి సరిపోయిందా, పాదం సకాలంలో అందిందా అన్నది అక్కడి నుంచే బాగా తెలుస్తుంది. సభ ముగిశాక వారితో కూర్చుని ఆ రెండు విషయాలే మాట్లాడండి, ఆ రోజు ఎవరైనా కొత్త చరణం చేర్చి ఉంటే పేరుతో సహా రాసిపెట్టుకుని, వచ్చే సభలో దాన్నే ముందుగా పాడించండి.